పెద్దావిడకి కొత్త పంపు

అమ్మాయి షెడ్డు నుంచి,
ఎండలు ఇంకా ముదరని రోజులు

బావా,

అమ్మాయి ఒప్పుకుంది! మన పెద్దావిడకి కార్బురేటర్ తీసేసి పెట్రోలు ఇంజెక్షన్ పెడతానంది! ఎలా ఉన్నావు, ఏం తింటున్నావు, ఇవన్నీ తర్వాత అడుగుతాను, ముందు ఈ కబురు నీకు చేరాలి. చెయ్యి ఆగట్లేదు, కొట్టివేతలుంటే సర్దుకుని చదువుకో. నా చదువు సంగతి నీకు కొత్త కాదుగా.

నీ మేనకోడలి పంతం నీకు తెలుసు. ఊళ్ళో పాత బళ్ళన్నిటికీ ఇంజెక్షన్ పెడుతుంది గానీ ఇంట్లోవాళ్ళ బండి మాత్రం ముట్టుకోనంటుంది. ఇంట్లోవాళ్ళకి పని చేసిపెడితే మెప్పుండదు, పైగా సలహాలు ఎక్కువట. నేను నోరు తెరిచి అడగలేదు బావా. రోజూ పొద్దున్నే వెళ్ళి షెడ్డులో ఖాళీ డ్రమ్ము మీద కూర్చున్నాను. తను చెయ్యి చాపకముందే స్పానరు అందించాను. ఒక్కసారి కూడా సరైన సైజు అందించలేదనుకో, అది వేరే సంగతి. చివరికి నిన్న చేతులు తుడుచుకుంటూ నా ముందుకొచ్చి ఏదో అంది. మొదటిసారి నాకు తలకెక్కలేదు, రెండోసారి చెప్పింది. "నాన్నా, నువ్విక్కడ కూర్చుంటే వచ్చినవాళ్ళు నిన్నే మేస్త్రీ అనుకుని నీతో బేరాలాడుతున్నారు. ఆ బండి తీసుకొచ్చి పడెయ్, అది అయ్యాకైనా ఇంట్లో కూర్చుందువుగాని."

అంతే. నేను పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో పరిగెత్తాను బావా.

మీ చెల్లెలికి చెబితే ఏమందో తెలుసా, పెద్దావిడకి జరిగే వైభోగాలు చిన్నావిడకి ఎన్నడూ జరగలేదంది. మనిద్దరం వంతులేసుకుని కిరాయికి నడిపిన రోజుల్లో ఆ బండికి పెద్దావిడ అని పేరు పెట్టింది నువ్వే, దెప్పుళ్ళు పడేది మాత్రం నేను. అన్నీ అనేసి లోపలికి వెళ్ళి, పోయిన వేసవిలో నీకోసం అల్లిన స్వెటరు పెట్టెలోంచి తీసి ఎండలో వేసింది. నాకు కనపడకూడదని పెరటి వైపు వేసింది. చూశాను.

ఆ కొండ విరిగిపడి రోడ్డు సగం పోయి, బస్సు ఆగిపోయిన దగ్గర్నుంచి నిన్ను చూడనేలేదు. సామాన్ల జీపుల్లో బస్తాల మీద కూర్చుని వచ్చే వయసా మాది? పోయిన వేసవిలో మన బండే దిక్కని బయల్దేరితే, టీ కొట్టు మలుపు దగ్గర పెట్రోలు పైపులోనే ఉడికిపోయి బండి ఆగిపోయింది. తడిగుడ్డలు వేశాం, ఊదాం, బతిమాలాం. అక్కణ్ణుంచి తలెత్తి చూస్తే మీ ఊరి రేకుల కప్పులు మెరుస్తూ కనపడ్డాయి బావా. అంత దగ్గర. మీ చెల్లి నీకు తెచ్చిన సంచీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. తిరిగి ఇంటికొచ్చేదాకా ఆ సంచీ కింద పెట్టలేదు.

ఇప్పుడు ఆ బాధ ఉండదట. అమ్మాయి అట్టముక్క మీద బొమ్మ వేసి చూపించింది. పాత పద్ధతిలో ఇంజను పక్కనున్న పంపు అంత దూరం నుంచి పెట్రోలు పీల్చాలి, అందుకే వేడికి దారిలో ఆవిరైపోతుంది. కొత్త పద్ధతిలో పంపు ట్యాంకు దగ్గరే ఉండి ముందుకి తోస్తుంది. గట్టిగా తోస్తుంది గనక మన పాత రబ్బరు పైపులు పనికిరావు, కొత్తవి వేయాలి. పంపుకి ముందొక ఫిల్టరు, వెనకొక ఫిల్టరు. అదీగాక ఇంకో పైపు గీసింది, అదేమిటన్నాను. తిరిగొచ్చే పైపట. ఇంజను తాగగా మిగిలింది అక్కడే నిలబడి వేడెక్కకుండా మళ్ళీ ట్యాంకుకే చేరుతుందట. "పంపడం ఒక్కటే చూసుకుంటే సరిపోదు నాన్నా, వెనక్కి వచ్చే దారి కూడా చూడాలి" అంది. నాకు అది చాలా నచ్చింది. ఆ అట్టముక్క ఇంటికి తెచ్చుకుని మంచం పక్కన పెట్టుకున్నాను.

ఒక్కటే సంగతి. ఆ కార్బురేటర్ నీ చేతి మీద పెరిగింది. నువ్వు సరే అని రాసేదాకా దాని మీద చెయ్యి పడదని అమ్మాయికి చెప్పాను. వెంటనే రాయి.

సంతోషం పట్టలేకపోతున్న,
నీ బావ


కొండ మీద, చెల్లెలి ఇంటి గుమ్మం నుంచి,
మధ్యాహ్నం

బావకి,

నీ ఉత్తరం అందింది. నీ పరుగు సంగతి తెలిసి ఇక్కడ అందరం నవ్వుకున్నాం. అమ్మాయి షెడ్డు బాగా నడుస్తున్నందుకు నాకూ గర్వంగానే ఉంది. కానీ కార్బురేటర్ తీయడానికి వీల్లేదు.

ఎందుకని అడగొద్దు. దాని స్క్రూ ఎంత తిప్పాలో నా వేలికి తెలుసు, ఎప్పుడు ఆపాలో నా చెవికి తెలుసు. నువ్వు బండి కడిగేవాడివి, నేను బండిని వినేవాణ్ణి. అది బాగున్నప్పుడు ఇంజను చేసే చప్పుడు ఇంకే బండీ చేయదు. ఇక్కడ గుమ్మంలో కూర్చుంటే కింద లోయలో ఏ బండి వస్తోందో చెప్పగలను. పాల వ్యాను, కట్టెల జీపు, స్కూలు పంతులుగారి స్కూటరు. మన బండి వస్తే మలుపు తిరక్కముందే తెలిసిపోతుంది. అది పోగొట్టుకుని నాకు ఒరిగేదేమిటి.

చేతిలో పనేదైనా కావాలంటే ముందు ఆ వెనక ఎడమ తలుపు బాగుచేయించు. గేటు స్తంభానికి నువ్వే గుద్ది నా మీదకి తోశావు, ఆనాటి నుంచీ గడగడలాడుతూనే ఉంది. పాసింజర్లు అది ఊడిపోతుందేమోనని కుడివైపుకే జరిగి కూర్చునేవాళ్ళు.

మీ తోడల్లుడు మాత్రం నీ బండి ఈ జన్మలో కొండ ఎక్కదంటున్నాడు. ఎక్కితే మీసం తీసేస్తాడట. ఆ మీసం ఎలా ఉంటుందో నీకు తెలుసు, తీస్తే మొహంలో ఇంకేం మిగలదు.

రానవసరం లేదు. ఉత్తరాలు రాసుకుంటున్నాంగా. చాలు.

నీ బావ


షెడ్డు నుంచి,
వడగాలి

బావా,

చాలు అంటావా. ఏం మనిషివయ్యా.

నీ మాట దాటలేదు, భయపడకు. కార్బురేటర్ కుర్చీలో పెళ్ళికొడుకులా అలాగే కూర్చుంది. అమ్మాయేమో పని వెనక నుంచి మొదలుపెట్టాలంది, ట్యాంకు దగ్గర్నుంచి ముందుకి. ట్యాంకు దించాం. అడుగున ఎంత తుప్పు, ఎంత మడ్డి! ఇది కొత్త పంపులోకి వెళ్తే పూట గడవదట. రేడియేటర్లు కడిగేవాడి దగ్గరికి పంపి ఉడకబెట్టించి కడిగించింది. ఆ మడ్డిలో ఒక గుండీ కూడా దొరికింది, నీలం రంగుది. నీ చొక్కాదే అయ్యుంటుంది, పెట్రోలు పోస్తూ ట్యాంకు మూతి మీదకి వంగేది నువ్వేగా. కడిగి దాచాను.

పంపు బండి కింద, ట్యాంకుకి ఆనుకుని పెడతానంది. ట్యాంకు కంటే కిందే ఉండాలట, పైకి లాగడం దానికి చేతకాదట, తోయడమే వచ్చట. మీ చెల్లి లాంటిదన్నమాట అన్నాను. అమ్మాయి నవ్వింది, వాళ్ళమ్మ నవ్వలేదు. సైలెన్సరు వేడి తగలకుండా పైపులు రెండో పక్క నుంచి లాగింది. ప్రతి జాయింటుకీ గుండ్రటి కొత్త క్లిప్పులు. బండి ఎక్కడైనా గుద్దుకుంటే పంపు దానంతటదే ఆగిపోయే స్విచ్చి కూడా పెట్టింది. ఇవన్నీ చూస్తుంటే నా కడుపు నిండిపోతోంది బావా. నేను నడిపిన బండి కింద నా కూతురు పడుకుని పని చేస్తోంది, కాళ్ళు మాత్రం బయటికి కనపడుతున్నాయి. చిన్నప్పుడు మంచం కింద దూరి బొమ్మలాడుకునేటప్పుడూ అలాగే కాళ్ళు కనపడేవి.

ఇంక నీ అక్షరాల సంగతేంటి? ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, మూడో వరస వెళ్ళి రెండో వరసలో కలిసిపోయింది. కొండ మీద చలికి అవి కూడా దగ్గరగా ముడుచుకున్నాయేమో అని వేళాకోళం చేశాను. మీ చెల్లి మాత్రం నవ్వలేదు. కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

సరే అని ఒక్క ముక్క రాయి. లేకపోతే ఎందుకు వద్దో రాయి. నిన్ను చూడాలనుంది బావా. ఉత్తరాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎంతసేపని మాట్లాడను.

నీ బావ


కొండ మీద ఇల్లు,
తొలి చినుకులు

బావగారికి,

ఇది నేను, మీ మరదల్ని. అన్నయ్య చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. మధ్యలో నావి కూడా కొన్ని కలుపుతాను. ఆయనకి తెలియదు.

ఇక అన్నయ్య మాటలు:

బావా, అక్షరాలు చూసి మా చెల్లి అన్నం మానేసిందని తెలిశాక దాచి లాభం లేదు. నాకు కళ్ళు ఆనడం లేదు. మొదట దీపం చుట్టూ మబ్బులా ఉండేది. తర్వాత మనుషులు మబ్బులో నుంచి మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు వెలుగు ఎటుందో తెలుస్తుంది, అంతే. మొన్నటి ఉత్తరం స్కేలు ఆన్చుకుని రాశాను, స్కేలు జారినట్టుంది.

(నేను రాస్తానంటే వద్దన్నాడు బావగారూ. నా దస్తూరి చూస్తే మీకు అనుమానం వస్తుందట. మీ ఉత్తరాలు చదివి వినిపించేది కూడా నేనే. పెరట్లో స్వెటరు సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు.)

కార్బురేటర్ ఎందుకు వద్దన్నానంటే, నాకు ఇప్పుడు చప్పుడే మనిషి. పాల వ్యాను అంటే పాలవాడి మొహం కాదు, ఆ దగ్గు. పంతులుగారంటే ఆ స్కూటరు. మీరు ఎప్పటికైనా వస్తే గుమ్మం దిగి రోడ్డు దాకా నడిచి ఎదురు రావాలని ఉంది నాకు. ఆ ఇంజను చప్పుడు తప్ప మీ ఆనవాలు నా దగ్గర ఇంకేదీ లేదు. దాన్ని తీసేస్తే ఏదో ఒక బండి వచ్చి ఆగుతుంది, ఎవరో దిగుతారు, నేను ఎవరండీ అని అడుగుతాను. నీతో ఆ మాట అనడం నాకిష్టం లేదు.

(సాయంత్రం అయ్యేసరికి గుమ్మంలో కూర్చుంటాడు. కింద ఏ బండి చప్పుడైనా తల అటు తిప్పుతాడు. అది మీది కాదని తెలిశాక తల దించుకుంటాడు. పోయిన వేసవిలో మీరు వస్తున్నారని ఉత్తరం రాశారు చూడండి, ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మలుపు దాకా వచ్చిన చప్పుడు విన్నాడు బావగారూ. అదిగో వస్తోంది అన్నాడు. తర్వాత ఆగిపోయిందన్నాడు.)

ఏం రాస్తున్నావే అంతసేపు అంటున్నాను, మాట్లాడదేంటి ఇది. సరే బావా. అమ్మాయి అంత కష్టపడుతుంటే అడ్డుపడటం నాకు మాత్రం బాగుందా. తీసెయ్. కానీ పారేయొద్దు.

ఇట్లు,
నీ బావ, చేతిరాత మాత్రం మరదలిది


ఇంటి నుంచి,
వాన కురుస్తూనే ఉంది

బావా,

నీ ఉత్తరం చదివి ఎన్ని రోజులు జేబులో పెట్టుకు తిరిగానో. చప్పుడు మలుపు దాకా విన్నావన్న చోట కాగితం మడత పడి చిరిగింది. మీ చెల్లి ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. గొడుగు వేసుకుని తిన్నగా కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. మనిషిని చూడందే ఏమీ చెప్పలేనందట ఆవిడ. చెప్పిన గుర్తుల్ని బట్టి కంటి పొర అయ్యుండొచ్చు, పొరే అయితే తీసేయొచ్చు, మరీ నాన్చితే మాత్రం కష్టమవుతుంది, తీసుకురండి అందట. అంచేత బావా, ఇప్పుడు ఇది నిన్ను చూసి రావడానికి చేసే ప్రయాణం కాదు. నిన్ను కిందికి తెచ్చుకునే ప్రయాణం.

నాదీ ఒకటుంది. నువ్వు చెప్పావు గనక నేనూ చెప్పాలి.

ఇంజెక్షన్ బిగించడం అయిపోయింది. తాళం తిప్పగానే ఇంజను లేచింది, మొదటి దెబ్బకే. నేను చప్పట్లు కొట్టాను. కొండకి ముందు షెడ్డు వెనకున్న ఎత్తు రోడ్డు ఎక్కించి చూద్దామని అమ్మాయి పైకి వెళ్ళి నిలబడింది. సగం ఎక్కానో లేదో, బండి దగ్గి ఆగిపోయింది. అచ్చం ఆ మలుపు దగ్గర ఆగినట్టే. అమ్మాయి పైనుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, "నాన్నా, పంపు అలా కీచుమని అరుస్తుంటే ఎందుకు ఆపలేదు?" అంది.

ఏ అరుపు, అన్నాను.

అది నా మొహంలోకి అలా చూసింది బావా. నాకు వినపడటం లేదు. ఎప్పటి నుంచో లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి లాక్కొస్తాను, లేకపోతే తల ఊపుతాను. ఇంజను చప్పుడు బ్రహ్మాండంగా ఉంది అని నీకు ఇన్నేళ్ళు రాశానే, స్టీరింగు మీద చేతికి తగిలే అదురు చూసి రాశాను. మీ చెల్లికి తెలుసు. అమ్మాయికి ఆ రోజే తెలిసింది.

తర్వాత అది పంపు విప్పింది, ఫిల్టర్లు విప్పింది, వైర్లు చూసింది, క్లిప్పులు చూసింది. రోజుల తరబడి చూసింది. లోపమేమీ కనపడక మొహం చిన్నబోయింది. ఊళ్ళో బళ్ళన్నీ బాగుచేసి, తండ్రి బండే ఎక్కలేదంటే ఎలా ఉంటుంది చెప్పు. నేను డ్రమ్ము మీద కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కాను. చివరికి అన్నం దగ్గర మీ చెల్లి మజ్జిగ పోస్తూ అంది, "ఆ రోజు పొద్దున్నే ట్యాంకులో పెట్రోలు చాలావరకు డబ్బాలోకి లాగారుగా, ఆ సంగతి పిల్లకి చెప్పారా?"

అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. "ఎందుకు లాగావు నాన్నా?"

ఎందుకేమిటి. ఎత్తు ఎక్కేముందు బరువు తగ్గించాలి కదా. నువ్వూ నేనూ ఏ రోజైనా ట్యాంకు నిండా పెట్రోలుతో కొండ ఎక్కామా? పాసింజర్ల పెట్టెలు దించలేం గనక పెట్రోలు దించేవాళ్ళం. మనకది నాలుక మీద అరిగిపోయిన పాఠం, చేతులు వాటంతటవే చేసేశాయి. అమ్మాయి తల పట్టుకుంది. ఎత్తు ఎక్కుతుంటే ట్యాంకులో ఉన్న కాస్తా వెనక్కి జారిపోతుందట, పీల్చే పైపేమో ముందువైపు ఉంది. కార్బురేటర్ గిన్నెలో కాస్త దాచుకుంటుంది గనక ఒక గుటక గాలి వచ్చినా సర్దుకునేది. ఇంజెక్షన్‌కి ఆ ఓర్పు లేదు. పంపు గాలి తాగి అరిచింది. పోయిన వేసవిలో మలుపు దగ్గర ఆగినప్పుడు ట్యాంకులో ఎంత పోశావని కూడా అడిగింది. నేను మజ్జిగ తాగుతున్నట్టు నటించాను.

ఇకనుంచి నిండా పోస్తానని ఒట్టు వేశాను. నమ్మలేదు. "మీరిద్దరూ మారరు నాన్నా. ట్యాంకే మారాలి" అంది. మళ్ళీ దించింది. ఇప్పుడు పంపుని ట్యాంకు లోపలే పెడుతోంది, చిన్న గిన్నెలాంటి దాంట్లో కూర్చోబెట్టి. తిరిగొచ్చే పైపుని సరిగ్గా ఆ గిన్నెలోకే వదిలింది. ట్యాంకులో ఎంత తక్కువున్నా, బండి ఎంత వంగినా, తిరిగొచ్చిన పెట్రోలుతో ఆ గిన్నె నిండుతూనే ఉంటుంది. నా కళ్ళ ముందు, స్టీరింగు పక్కనే ఒక ఎర్ర దీపం పెట్టింది. పెట్రోలు ఒత్తిడి తగ్గితే వెలుగుతుందట.

నీ బావ


కొండ మీద,
వాన వెలిసిన పూట

బావా,

నీకు వినపడదు, నాకు కనపడదు. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు. ఈ సంగతి పాసింజర్లకి తెలియకుండా రిటైరయ్యాం, అదృష్టం.

(నవ్వాడు బావగారూ. ఉత్తరం చదువుతుంటే పెట్రోలు దించిన దగ్గర పడి పడి నవ్వాడు. ఆయన చేతిలో గ్లాసు ఒలికింది. నవ్వి చాలా కాలమైంది.)

ట్యాంకు ఖాళీ చేయాలన్నది నేను నేర్పిందే, అమ్మాయితో చెప్పు. తిట్టేది నన్ను తిట్టమను.

డాక్టరమ్మ మాట విన్నాను. నిజం చెప్పనా, నాకు భయంగా ఉంది. ఇక్కడ గుమ్మంలో కూర్చుంటే ఏదో ఒక రోజు మబ్బు విడిపోతుందేమోనన్న ఆశ ఒకటి ఉంటుంది. అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి, ఇది పొర కాదు, ఇంక ఇంతే అంటే ఆ ఆశ కూడా పోతుంది. అందుకే రావద్దు రావద్దని రాశాను. నువ్వంటే కాదు.

అయినా మా చెల్లి వానలో గొడుగేసుకుని వెళ్ళిందని విన్నాక ఇంక కాదనలేను. నువ్వొస్తే వస్తాను. కానీ మళ్ళీ ఆ మలుపు దగ్గర దాన్ని సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చోబెట్టకు. ఎక్కుతుందని గట్టిగా తెలిశాకే తీసుకురా.

నీ కొత్త ఇంజను చప్పుడు నాకు తెలియదు. హారన్ కొడతానంటావేమో, ప్రతి జీపువాడూ కొడతాడు. నువ్వొచ్చావని నాకెలా తెలుస్తుంది బావా?

(తెల్ల చొక్కా ఉతికి పెట్టమన్నాడు.)

నీ బావ


ఇంటి నుంచి,
ఆకాశం తేటపడింది

బావా,

ఎక్కింది! టీ కొట్టు మలుపు దాటింది, దాని పై మలుపు కూడా దాటింది, ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగలేదు! నిన్న నేనూ అమ్మాయీ వెళ్ళి చూసొచ్చాం. ట్యాంకు నిండా పోశాం. నేను మూత బిగిస్తుంటే అమ్మాయి పక్కనే కాపలా నిలబడింది, ఏ పూట ఏ డబ్బా తెస్తానోనని. తర్వాత, నువ్వు నమ్మవు, అదే నన్ను మళ్ళీ కిందికి తీసుకెళ్ళి ట్యాంకులో అడుగంటేదాకా పెట్రోలు తీయించింది, పెట్రోలు నిండిన డబ్బాని రోడ్డు పక్కనే ఉంచి మళ్ళీ ఎక్కించమంది. అలా కూడా ఎక్కింది బావా. ఆ చిన్న గిన్నె దాని పని అది చేసుకుపోయింది. మన తెలివితక్కువకి కూడా జవాబుందట ఆ ట్యాంకులో ఇప్పుడు.

టీ కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు. పోయినేడు తడిగుడ్డలు ఇచ్చింది ఆయనే. ఈసారి గుడ్డ అక్కర్లేదా పెద్దాయనా అన్నాడు. అక్కర్లేదని చెప్పి అందరికీ టీ ఇప్పించాను, ఎవరో తెలియనివాళ్ళకి కూడా.

పై మలుపు దగ్గర బండి పక్కకి పెట్టి చూశాను. మీ రేకుల కప్పులు కనపడ్డాయి. పొగ లేస్తోంది ఒక ఇంట్లోంచి, మీదేనేమో. ఇంకొంచెం నడిపితే నీ గుమ్మంలో ఉండేవాణ్ణి. కాళ్ళు లాగాయి బావా, నిజంగా. అమ్మాయి కూడా నావైపే చూస్తూ కూర్చుంది, పదమంటే వచ్చేసేదే. కానీ మీ చెల్లి లేకుండా నీ దగ్గరికి ఏ మొహంతో రాను. బండి తిప్పేశాను. దిగుతున్నంతసేపూ అద్దంలో ఆ పొగ చూస్తూనే ఉన్నాను. అమ్మాయి ముందు చూడు నాన్నా అని మోకాలి మీద తడుతూనే ఉంది.

ఈ ఉత్తరం సామాన్ల జీపువాడి చేతికిస్తున్నాను, ఎల్లుండి తెల్లారగానే బయల్దేరుతున్నాం. స్వెటరు సంచీలో పెట్టేసింది మీ చెల్లి. నీ నీలం గుండీ దాని జేబులో ఉంది. నీ కార్బురేటర్‌ని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టాను. దిగేటప్పుడు దాన్ని నీ ఒళ్ళో పెట్టుకో. ఎక్కడ ఏ స్క్రూ ఉందో నీ వేళ్ళకి తెలుసు కదా, దారంతా భయం వేయకుండా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. డాక్టరమ్మ కుర్చీలో కూడా పట్టుకో, ఏమనుకుంటే అనుకుంటుంది. ఆవిడ ఏం చెప్పినా, ఆ మాట విన్నాక నువ్వు ఒక్కడివే గుమ్మంలో కూర్చునే పని లేదు. నీ మంచం మా ముందు గదిలో వేశాం. తిరిగి వెళ్ళాలనిపించిన రోజున వెళ్ళడానికి బండి ఉంది, దానికి రానూ వచ్చు, పోనూ వచ్చు.

ఇంక నువ్వడిగిన దానికి జవాబు. బండి కింద అంతా కొత్తది. పంపు, పైపులు, ఫిల్టర్లు, వైర్లు, అన్నీ. చివర్లో అమ్మాయి వెనక ఎడమ తలుపు కూడా విప్పబోయింది, కొత్త రబ్బరు వేసి బిగిస్తానని. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపేశాను. నా అంతట నేను దాని పనికి అడ్డం పడటం అదే మొదలు. ఎందుకని కళ్ళెర్రజేసింది. నీ ఉత్తరం చూపించాను. చదివి స్పానరు జేబులో పెట్టుకుని, ఇంకో పని చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

ఇంజను చప్పుడు నీకు తెలియదు, నిజమే. ఆ తలుపు చప్పుడు తెలుసుగా. పై మలుపు నుంచి మీ ఇంటి దాకా ఎగుడు దిగుడు రోడ్డే, దారంతా గడగడలాడుతూనే వస్తుంది. నాకు వినపడదు. నువ్వు విని, ఎదురొచ్చి, వస్తోందని నాకు చెప్పాలి.

ఈ కబురు వెంటనే చెప్పాల్సినవాళ్ళు:

మరదలికి. మీరు బ్రాకెట్లలో రాసినవన్నీ నాకు చేరాయని, ఆ ఋణం తీర్చుకోలేనని చెప్పు. చదువుతున్నది తనే గనక ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

తోడల్లుడికి. నీళ్ళు కాచుకుని, అద్దం ముందు కూర్చోమను.

మీ పెద్దత్తకి. ఆవిడకీ నాలాగే, గట్టిగా చెబితేగానీ కుదరదు. రెండుసార్లు చెప్పండి, మొదటిసారికి తల ఊపుతుంది గానీ విని కాదు.

పంతులుగారికి. చుట్టం కాకపోయినా చెప్పు. ఆ పొద్దున స్కూటరు కాసేపు ఆపి ఉంచమను, నీకు చప్పుళ్ళు కలిసిపోకుండా.

మీ చిన్నాన్న కొడుక్కి, కింద పల్లెలో ఉన్నవాడికి. నిన్ను బండి ఎక్కించేటప్పుడు ఒక చెయ్యి సాయం కావాలి.

మేనకోడలు వస్తోందని ఆ వీధిలో పిల్లలందరికీ. బానెట్టు తెరిచి చూపిస్తానంది.

ఇంక మిగిలింది మా బావ. ఆయనకి నేనే చెబుతాను, బండి దిగగానే, చెయ్యి పట్టుకుని.